బోర్డు మీద కాఫీ, గ్లాసులో చాయ్

మస్కట్‌లో కొత్తగా దిగిన మనవాళ్ళు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. "సందుకో కాఫీ షాపు ఉంది కదండీ, లోపలికి వెళ్తే అందరూ చాయే తాగుతున్నారేమిటి?" అని. ఈ పూట ఆ ప్రశ్న పట్టుకుని కాస్త దూరం వెళ్ళి వద్దాం. దారిలో ఇటలీ, ఇంగ్లండు కూడా తగులుతాయి.

ముందు పేర్ల సంగతి చూడండి. మన ఊళ్ళో కాఫీ హోటలంటే ఎవరూ బస చెయ్యరు, ఇడ్లీ, పెసరట్టు తిని వస్తారు. ఇటలీలో బార్ అని బోర్డు ఉంటే అది పొద్దున్నే ఆడా మగా నిలబడి కాఫీ తాగే చోటు. ఇంగ్లండులో లారీ డ్రైవర్లు ఆగే కెఫేలో పెద్ద మగ్గు నిండా పాలు కలిపిన టీ ఇస్తారు. ఒమాన్ కాఫీ షాపులో నడిచే సరుకేమో కరక్ చాయ్, పరోటా, ఆమ్లెట్టు. పిల్లలకైతే పరోటాలో జున్ను పూసి, కారంగా ఉండే చిప్స్ ఒమాన్ నలిపి చుట్టి ఇస్తారు. ఏ దేశంలోనూ బోర్డు పూర్తిగా నిజం చెప్పదన్నమాట!

కరక్ అన్న మాట మనకు కొత్తేం కాదు. హైదరాబాదు కడక్ చాయే అది. సముద్రం దాటాక 'డ' కాస్తా 'ర' అయింది, అంతే. టీ పొడి, డబ్బా పాలు, చక్కెర, ఏలకులు వేసి బాగా మరిగిస్తారు.

మరి ఒమానీలకు కాఫీ లేదా అంటే, భేషుగ్గా ఉంది. దాన్ని కహ్వా అంటారు. పాలుండవు, చక్కెరుండదు. ఏలకుల వాసన గుప్పుమంటుంది. తీపికి పక్కన ఖర్జూరమో హల్వానో పెడతారు. దల్లా అనే ముక్కు కూజాలోంచి, ఫింజాన్ అనే చెవి లేని చిన్న కప్పులో అడుగున కొంచెమే పోస్తారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలి. తెలియక ఊరుకున్నారో, పోస్తూనే ఉంటారు. 2015లో యునెస్కో ఈ అరబ్బు కాఫీ మర్యాదను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఒమాన్, సౌదీ, ఎమిరేట్స్, ఖతార్ ఉమ్మడిగా అడిగాయి. ఇంటికొచ్చినవాడికి కహ్వా పొయ్యడం ఆ ఇంటి పరువు. దానికి డబ్బు తీసుకోవడమన్న మాటే లేదు. వెలకట్టి అమ్మే పానీయం వీధిలో వేరేగా పుట్టడానికి అదీ ఒక కారణమని నాకనిపిస్తుంది.

ఒమాన్‌కు కాఫీ వ్యాపారం పాతదే. 18వ శతాబ్దంలో మస్కట్ ఓడలు యెమెన్ కాఫీ గింజల్ని బస్రాకు చేరవేసేవి. కానీ రోడ్డు పక్క తిండి మాత్రం కొత్తది. 1970 నాటికి ఈ దేశంలో తారు రోడ్డు పట్టుమని 10 కిలోమీటర్లే. చీకటి పడితే మస్కట్ కోట తలుపులు మూసేసేవారు. ఆ తర్వాత వీధిలో తిరగాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందే. రోడ్డే లేనిచోట రోడ్డు పక్క హోటలెక్కడిది? 1970 జులై 23న సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కాక రోడ్లు పడ్డాయి. రోడ్ల వెంట పెట్రోలు బంకులు, బంకుల పక్కన కాఫీ షాపులు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం నడిపింది కేరళవాళ్ళు.

సాయంత్రమైతే రోడ్డు పక్క బొగ్గుల మీద మిష్కాక్ కాలుతుంది. పుల్లకు గుచ్చిన మాంసం, పక్కన చింతపండు పులుసు. ఇదే వంటను తూర్పు ఆఫ్రికాలో మిష్కాకీ అంటారు. ఒమానీలు జాంజిబార్‌ను ఏలిన కాలపు చుట్టరికం అది. ఇక సలాలా వెళ్తే రోడ్డు వెంట కొబ్బరిబోండాలు, అరటి గెలలు, బొప్పాయిలు. వానల కాలంలో ఆ దుకాణాల ముందు కారాపితే కోనసీమలో ఉన్నట్టే ఉంటుంది.

ఇప్పుడు ఐరోపా వెళ్దాం. లండన్‌లో మొదటి కాఫీ హౌస్ 1652లో పెట్టినవాడు పాస్క్వా రోజీ. అతను టర్కీలోని స్మిర్నా నుంచి ఒక వ్యాపారి వెంట వచ్చిన నౌకరు. జనం అక్కడ కూర్చుని రాజుగారి సంగతులు మాట్లాడుకుంటున్నారని 1675లో రెండవ చార్లెస్ కాఫీ హౌసులు మూసెయ్యమని ప్రకటన చేశాడు. గోల లేచేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు టీకి అలవాటు పడ్డారు. కాఫీ మళ్ళీ ఫ్యాషనయింది 1953లో, సోహోలో మోకా బార్ తెరిచాక. దాన్ని ప్రారంభించింది ఇటలీ సినిమా తార జీనా లొల్లోబ్రిజీదా, అందులో పెట్టింది ఇటలీవాళ్ళ గాజ్జా యంత్రం.

రహదారుల మీదా అదే కథ. ఇటలీలో 1947లోనే పవేసీ అనే బిస్కెట్ల కంపెనీ నొవారా దగ్గర మిలాన్–తూరిన్ రోడ్డు మీద తిండి దుకాణం పెట్టింది. 1959లో ఫియోరెంజువోలా దగ్గర రోడ్డుకు అడ్డంగా వంతెన లాంటి హోటలే కట్టారు. అదే ఏడాది నవంబరు 2న ఇంగ్లండులో ఎం1 రహదారి తెరిచారు. వాట్‌ఫర్డ్ గ్యాప్‌లో హోటలు పూర్తి కాకపోతే షెడ్లలోంచి శాండ్‌విచ్‌లు అమ్మారు. ఆ రోడ్డు మీదే న్యూపోర్ట్ పాగ్నెల్‌లో హోటలు పెట్టింది చార్లెస్ ఫోర్టే కంపెనీ. ఆయనా ఇటలీలో పుట్టి స్కాట్లండులో పెరిగినవాడే.

తాగే తీరు మాత్రం దేశానికొకటి. ఇటలీవాడు కౌంటర్ దగ్గర నిలబడి రెండు గుక్కల్లో ముగిస్తాడు, బల్ల దగ్గర కూర్చుంటే చాలాచోట్ల ధర పెరుగుతుంది. ఇంగ్లీషువాడు కూర్చుని మగ్గు అడుగంటేదాకా తాగుతాడు. ఒమాన్‌లో కారు దిగకుండా హారన్ కొడితే కుర్రాడు పేపరు కప్పులు పట్టుకుని ఎండలో పరుగెత్తుకొస్తాడు.

నేను చెప్పదలచుకున్నది ఆ కుర్రాడి గురించే. హైదరాబాదు హోటళ్ళు ఇరానీలు పెట్టారు. మన పట్నాల్లో ఉడిపివాళ్ళు పెట్టారు. లండన్‌కు స్మిర్నావాడు, ఆ తర్వాత ఇటలీవాడు. మస్కట్‌కు మలయాళీ. వీధిలో ఊరికి తిండి పెట్టేవాడు చాలాసార్లు పైఊరివాడే. ఊరివాళ్ళు అతని చాయ్‌కి అలవాటు పడినంత త్వరగా అతనికి అలవాటు పడరు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటన్‌లో ఇటాలియన్ల కెఫేల అద్దాలు పగలగొట్టారు. నిన్నటిదాకా ఐస్‌క్రీము, కాఫీ ఇచ్చినవాళ్ళని శత్రువులంటూ నిర్బంధించారు. వాళ్ళలో కొందరిని కెనడా పంపుతుండగా జులై 2న అరండోరా స్టార్ ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. చనిపోయిన 800 పైచిలుకు మందిలో 400 మందికి పైగా ఇటాలియన్లే.

ఒమాన్‌లో అలాంటి ఘోరం జరగలేదు, జరగకూడదు. ఇక్కడి మనుషులు సౌమ్యులు. అయినా పనివాడి బతుకు ఒక కాగితం మీద వేలాడిన రోజులున్నాయి. కొన్నేళ్ళ క్రితం రువీలో ఒక కాఫీ షాపులో జగిత్యాల వైపు తమ్ముడొకడు చాయ్ పోస్తూ నాతో అన్నాడు: "అన్నా, మలయాళం అచ్చింది, అరబ్బీ అచ్చింది. ఇంకోకాడ జీతం ఎక్కువిస్తమంటున్నరు. కఫీల్ కాగితం ఇస్తలేడు." అప్పట్లో యజమాని అభ్యంతరం లేదని రాసివ్వకపోతే పని మారాలన్నవాడు దేశం వదిలి రెండేళ్ళు బయటుండాలి. 2021 జనవరి 1 నుంచి ఒప్పందం గడువు తీరితే ఆ కాగితం అక్కర్లేదన్నారు. పెద్ద ఊరటే అది. కానీ అంతకు ముందు ఏడాదే, 2020లో, కరోనాకి హోటళ్ళు మూతపడి, ఎంతోమంది ఉత్త చేతులతో వందే భారత్ విమానాలెక్కి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

కంపెనీ గదిలో మంచం తప్ప కుర్చీ లేని మనిషికి కాఫీ షాపు బల్లే వసారా. ఇంటికి ఫోన్ చేసేదీ, పని కబురు తెలిసేదీ, ఊరివాడు ఎదురయ్యేదీ అక్కడే. మన పిల్లలకేమో కాఫీ షాపంటే మాల్‌లో ఏసీ గది. అందుకని ఒక చిన్న మనవి. ఈసారి హారన్ కొట్టకండి. పిల్లల్ని తీసుకుని కారు దిగండి, లోపల బల్ల మీద కూర్చుని చాయ్ తాగండి. పోసినవాడిని ఏ ఊరు తమ్ముడూ అని అడగండి.