ధనుర్మాసం, కచేరీలు, కాఫీ

డిసెంబరు నెలలో మద్రాసు వెళ్ళేవాళ్ళు రెండు రకాలు. పాట కోసం వెళ్ళేవాళ్ళు, కాంటీను కోసం వెళ్ళేవాళ్ళు. రెండింటి కోసమూ వెళ్ళి, పైకి పాట పేరు మాత్రమే చెప్పే మూడో రకం కూడా ఉంది. నేను ఆ కోవలోదాన్ని. ఊరికి చెన్నై అని 1996లో పేరు మార్చినా, నా నోటికి మాత్రం మద్రాసే వస్తుంది.

ఈ కచేరీల సంబరం ఎలా మొదలయిందో తెలుసా? 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగింది. దానితోపాటే సంగీత సభ కూడా పెట్టారు. మరుసటి ఏడు, 1928లో, మ్యూజిక్ అకాడమీ వెలిసింది. చూస్తూండగా ఊళ్ళో వీధికో సభ తయారయింది. తమిళుల ఊరు, ఆ ఊళ్ళో పాడేదేమో చాలావరకు మన తెలుగు కీర్తనలు. తిరువయ్యూరులో బతికిన త్యాగయ్యగారు పెట్టిన భిక్ష అది!

అంతకుముందు పాట వినాలంటే గుడికో, పెళ్ళికో, పెద్దల ఇళ్ళకో వెళ్ళాలి. జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ ఇల్లుండేది. శుక్రవారం సాయంత్రం ఆవిడ వీణ వాయిస్తే పెద్ద పెద్ద విద్వాంసులు కిక్కురుమనకుండా కూర్చుని వినేవారట. మన మువ్వ క్షేత్రయ్య పదాలకు ఆవిడ ఇల్లు పుట్టిల్లులాంటిది. 1938లో ఆవిడ పోయింది.

ఆడవాళ్ళు ఇంత పాడినా, గౌరవం ఇచ్చేటప్పుడు మాత్రం లోకం చెయ్యి కాస్త వెనక్కి లాక్కునేది. బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొత్తంతా పెట్టి త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి కట్టించింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళు పాడడానికి మాత్రం పోరాడవలసి వచ్చింది. ఇక అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు ఒక స్త్రీకి మొదటిసారి దక్కింది 1968లో, ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారికి. అకాడమీ పుట్టి అప్పటికి నలభై ఏళ్ళు!

పాట సంగతి అలా ఉంటే, తిండి సంగతి చెప్పనే అక్కర్లేదు. మైలాపూరులో కాపరమున్న మా పిన్ని చెప్పేది. కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు కచేరీ అయ్యాక ఆకలేసి, ఒక్కతే ఒక హోటలుకి వెళ్ళిందట. కూర్చోబోతే సర్వరు పరుగున వచ్చి, "ఫామిలీ రూములోకి వెళ్ళండమ్మా" అని తెర చూపించాడట. "ఫామిలీ లేదు నాయనా, నేనొక్కదాన్నే" అంటే అతనికి ఏం చెయ్యాలో తోచలేదట. ఆవిడ తెర వెనక కూర్చుని, మింగలేక మింగలేక రెండిడ్లీలు తిని వచ్చిందట.

తర్వాత రోజులు మారాయి. 1962లో అకాడమీకి సొంత హాలు వచ్చింది. ఆ ఏడే, దగ్గర్లో కథీడ్రల్ రోడ్డు మీద వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ తెరిచారు. చెట్ల కింద కారాపితే పళ్ళెం కారు దగ్గరికే వచ్చేది. 2008లో దాన్ని మూసేశారు. ఇప్పుడక్కడ తోట ఉంది. ట్రిప్లికేనులో 1948లో మొదలయిన రత్నా కేఫ్ ఇడ్లీ మాత్రం ఇంకా సాంబారులో ఈదులాడుతూనే ఉంది.

ఇప్పుడు సభల కాంటీన్లలో చూడండి. మృదంగం తని ఆవర్తనం మొదలయిందంటే చాలు, సగం హాలు లేచి అటే నడుస్తుంది. పాపం మృదంగం ఆయన! కిందటిసారి నేనూ లేచాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. నా పక్క బల్ల దగ్గర డెబ్భై ఏళ్ళు దాటిన ఒకావిడ, ఒక్కతే, ముందు పొంగలు, చేతిలో దబరా గ్లాసు, తలాడిస్తూ ఇందాకటి రాగాన్ని సన్నగా కూనిరాగం తీస్తోంది. ఆవిడకి ఎవరూ తెర చూపించలేదు.

మా పిన్ని ఉంటే ఆ బల్ల దగ్గరే కూర్చుని, ఇంకో కాఫీ తెమ్మని కేకేసేది.