పదహారణాలూ పదహారు షిల్లింగులూ

కల్తీలేని దానిని మనం 'పదహారణాల' సరుకంటాం. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేవరకు తాడేపల్లిగూడెం సంతలో లెక్క అదే: రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, అంటే రూపాయికి 192 పైలు. 1836లో హాంబర్గులో ఏర్పడిన ఉత్తర జర్మను మిషను సంఘం పంపగా 1845లో రాజమండ్రి చేరిన వాలెట్ దొరగారికి ఈ లెక్క కొత్తగా తోచి ఉండదు. హాంబర్గులోనూ మార్కుకు 16 షిల్లింగులు, షిల్లింగుకు 12 ఫెన్నిగులు. ఒకటి మరొకదాని నుండి పుట్టలేదు. సగాలుగా, మూడోవంతులుగా పంచడానికి రెండూ అనుకూలం.

మార్కు మొదట నాణెం కాదు, వెండి తూకం. కొలోన్ నగరపు మార్కు సుమారు 233 గ్రాములు. అదే వెండి నుండి ఎక్కువ ఫెన్నిగులు కొట్టేకొద్దీ నాణెం పేరు నిలిచింది, వెండి తరిగింది. క్రమంగా లెక్కలోని మార్కు తూకపు మార్కు కన్న ఎంతో తక్కువైంది. ఊరికొక నాణెం ఉంటే వర్తకం సాగదు. అందుచేత 1379లో లూబెక్, హాంబర్గ్, విస్మార్ నగరాలు, కొద్దికాలానికే లూనెబర్గ్ కూడా, తమ నాణేలకు ఒకే తూకం, ఒకే వెండిపాలు ఉండాలని ఒడంబడిక చేసుకొన్నాయి. నాలుగు ఫెన్నిగుల 'విట్టెన్' వారి ముఖ్య నాణెం. అయినా 15వ శతాబ్దంలో దానిలోనూ వెండి తగ్గుతూనే వచ్చింది.

మన తీరాన బందరులో డచ్చివారు 1606లో, ఇంగ్లీషువారు 1611లో కోఠీలు పెట్టేనాటికి గోల్కొండ రాజ్యంలో బంగారు వరహాదే ప్రాధాన్యం. 1687లో గోల్కొండ పతనమయ్యాక మొగలు వెండి రూపాయి బలపడింది. టంకసాలను బట్టి, అరుగుదలను బట్టి రూపాయి విలువ మారేది. షరాబు నాణేన్ని పరీక్షించి వట్టం తీసుకొనేవాడు. ఆ వట్టం భారం నేతగాని మీద, రైతు మీద పడేది. 1818లో మద్రాసు ప్రభుత్వం వరహాకు బదులు 180 గ్రెయినుల రూపాయిని ప్రమాణం చేసింది. అందులో శుద్ధమైన వెండి 165 గ్రెయినులు. 1835లో అదే కంపెనీ ఏలుబడి అంతటికీ ప్రమాణమైంది.

అక్కడ వర్తక నగరాలు తమలో తాము ఒప్పుకొని కట్టిన కట్టడి, ఇక్కడ ఏలికల ఆజ్ఞగా వచ్చింది. రెండుచోట్లా ఒక సత్యం కనబడుతుంది. నాణెం మీది ముద్ర మారకుండానే లోపలి వెండి తగ్గవచ్చు. ఆ నష్టం మొదట తగిలేది త్రాసు చేతిలో లేనివానికే. వెండి చెడిపోయిందని యెషయా 1:22లో ప్రవక్త విలపించినప్పుడు, ఆ వెంటనే అతడు మాట్లాడినది అధికారుల లంచాన్ని, న్యాయం దొరకని తండ్రిలేనివారిని, విధవరాండ్రను గూర్చే అని గమనించాలి.