వ్యంగ్య ఒపెరా: వినియోగ సంస్కృతి, జాతీయ అస్తిత్వం

సంపన్నుల వినోదంగా పేరుపడ్డ ఒపెరాలో కొనుగోళ్ల మోజునూ, దేశాలు చెప్పుకునే గొప్పలనూ ఎత్తిపొడిచే ధోరణి ఒకటి చాలాకాలంగా ఉంది. 1728 జనవరి 29న లండన్‌లో ప్రదర్శించిన జాన్ గే రచన ‘ది బెగ్గర్స్ ఒపెరా’ ఇటాలియన్ ఒపెరాపై వ్యామోహాన్నీ, నాటి ప్రధాని వాల్‌పోల్ పాలననూ ఒక్క దెబ్బతో వెక్కిరించింది. పందొమ్మిదో శతాబ్దంలో వ్యంగ్యం ఎక్కువగా ఒపెరెట్టాల్లో (తేలికపాటి ఒపెరాల్లో) కనిపించింది.

1930 మార్చి 9న లైప్‌జిగ్‌లో రచయిత బ్రెహ్ట్, స్వరకర్త కుర్ట్ వైల్‌ల ‘మహాగొనీ’ వచ్చింది. డబ్బుంటే ఏదైనా చెల్లే ఊరది. తాగిన విస్కీకి డబ్బు కట్టలేని జిమ్మీకి మరణశిక్ష పడుతుంది. అమెరికన్ స్వరకర్త బెర్న్‌స్టైన్ ‘ట్రబుల్ ఇన్ తహీతీ’ (1952)లో ముగ్గురు గాయకులు రేడియో ప్రకటనల బాణీలో అమెరికా శివారు జీవితాన్ని పొగుడుతుంటారు. ఇంట్లో దంపతులకు మాత్రం మాటలు కలవవు.

ఈ ధోరణికి కొత్త ఊపునిచ్చింది ‘జెర్రీ స్ప్రింగర్: ది ఒపెరా’. సంగీతం రిచర్డ్ థామస్‌ది; రచన ఆయనా, స్టూవర్ట్ లీ కలిసి చేశారు. బ్యాటర్సీ ఆర్ట్స్ సెంటర్‌లో రూపుదిద్దుకుని 2003లో లండన్ నేషనల్ థియేటర్‌కు చేరింది. అమెరికన్ టీవీలో జెర్రీ స్ప్రింగర్ నడిపిన షోలో రచ్చకెక్కిన కుటుంబ కలహాలను గంభీరమైన శాస్త్రీయ బాణీల్లో పాడిస్తుంది. స్టూడియో ప్రేక్షకులే బృందగానం. ఎదుటివారి కష్టాన్ని సరుకుగా చూస్తూ కేకలేసేది వాళ్లే. ఈ కల్పనే రచనకు ప్రాణం. 2005 జనవరి 8న బీబీసీ దీన్ని ప్రసారం చేసినప్పుడు 50,000కు పైగా ఫిర్యాదులు అందాయి. దీనిపై వచ్చిన దైవదూషణ అభియోగాన్ని 2007 డిసెంబరులో హైకోర్టు తోసిపుచ్చింది. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ నేరమే రద్దయింది.

థామస్ రచనకే మార్క్-ఆంథొనీ టర్నేజ్ సంగీతం సమకూర్చిన ‘అన్నా నికోల్’ 2011 ఫిబ్రవరి 17న లండన్ రాయల్ ఒపెరా హౌస్‌లో మొదలైంది. టెక్సాస్‌లోని చిన్న ఊరి నుంచి వచ్చి, 89 ఏళ్ల చమురు కుబేరుణ్ణి పెళ్లాడి, 39 ఏళ్లకే మరణించిన మోడల్ అన్నా నికోల్ కథ ఇది. నాయికగా ఎవా-మరియా వెస్ట్‌బ్రూక్ గానం అద్భుతం. ఇక్కడ బృందగానం విలేఖరులది. రెండో అంకంలో కెమెరాలే తలలుగా ఉన్న నర్తకులు ఆమె చుట్టూ పెరుగుతూ పోతారు. అమెరికా కలపై అంతవరకూ సాగిన ఎగతాళి, ఆమె కొడుకు డేనియల్ దగ్గర ఆగిపోతుంది: కథంతా మౌనంగా ఉన్న ఆ కుర్రాడు చనిపోయాక మందుల పేర్లు వరుసగా పాడతాడు. 2013 సెప్టెంబరులో దీన్ని బ్రూక్లిన్‌లో ప్రదర్శించిన న్యూయార్క్ సిటీ ఒపెరా అక్టోబరులో దివాలా తీసింది.

ఇదే ధోరణిలో, లిథువేనియాలో లీనా లాపెలైటే, వైవా గ్రైనైటే, రుగిలే బార్జ్‌జుకైటే కలిసి ‘హ్యావ్ ఎ గుడ్ డే!’ రూపొందించారు. సోవియట్ పాలన పోయి మార్కెట్ వచ్చిన దేశంలో సూపర్‌మార్కెట్ బిల్లు కౌంటర్ల దగ్గర పనిచేసే పదిమంది ఇందులో పాడే పాత్రలు. బార్‌కోడ్ శబ్దాలూ, పియానో వారికి తోడు. ఈ ముగ్గురి ‘సన్ అండ్ సీ’ 2019 వెనిస్ బియనాలేలో గోల్డెన్ లయన్ గెలుచుకుంది.