ఓడలో రొట్టె: గట్టి బిస్కెట్టు నుంచి వేడి రోల్ వరకు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• తెరచాప ఓడల కాలంలో తాజా రొట్టెకు బదులు గట్టి బిస్కెట్టు ఎందుకు వాడేవారో వివరించగలుగుతారు.
• ఓడ ప్రయాణికుల ఆహారంలో వచ్చిన మార్పులకు చట్టం, సాంకేతికత, వ్యాపార పోటీ ఎలా కారణమయ్యాయో విశ్లేషించగలుగుతారు.
• భోజన పట్టికను చరిత్ర ఆధారంగా ఎలా చదవాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

నేటి విహార నౌకలో ఉదయం భోజనశాలకు వెళ్లిన ప్రయాణికుడికి బల్ల మీద ఒక బుట్ట కనిపిస్తుంది. అందులో తెల్లని రోల్స్, ముడి గోధుమపిండి రొట్టె, నువ్వులు చల్లిన బన్నులు, క్రొసాన్లు ఉంటాయి. వాటిని అదే రాత్రి ఆ నౌకలోనే కాల్చి ఉంటారు. ఆ బుట్టకు విడిగా ధర ఉండదు, అడిగితే మళ్లీ తెస్తారు. అందుకే ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోరు.

కాని చరిత్ర విద్యార్థిగా మీరు దాన్ని పట్టించుకోవాలి. రెండు వందల ఏళ్ల కిందట సముద్రం మీద సామాన్యుడికి మెత్తని రొట్టె దొరికేది కాదు. ఆనాటి గట్టి బిస్కెట్టుకూ నేటి వేడి రోల్‌కూ మధ్య జరిగినదాన్ని పాకశాస్త్రంలో వచ్చిన మార్పుగా మాత్రమే చూస్తే సరిపోదు. ఎవరికి ఎంత తిండి పెట్టాలి, దాన్ని ఎవరు నిర్ణయించాలి అనే ప్రశ్న మీద నావికులు, వలస ప్రయాణికులు, ప్రభుత్వాలు, ఓడల కంపెనీలు సాగించిన పెనుగులాట కూడా అందులో ఉంది. ఈ పాఠంలో ఆ పెనుగులాటను వరుసగా పరిశీలిద్దాం.

2. బిస్కెట్టు రాజ్యం

తెరచాప ఓడల్లో ప్రయాణం వారాలు, నెలల తరబడి సాగేది. మామూలు రొట్టెలో తేమ ఉంటుంది కాబట్టి కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది. రోజూ కొత్తగా కాల్చడానికి మూడు అడ్డంకులుండేవి. మొదటిది నిప్పు. ఓడ కలపతో చేసినది, కీళ్లకు తారు పూసినది, తెరచాపలు, మోకులు నిండినది. రెండోది మంచినీరు. పీపాల్లో తెచ్చుకున్న నీరు తాగడానికే చాలేది కాదు. మూడోది వంటచెరకు. వందలమందికి రోజూ రొట్టె కాల్చేటంత కట్టెలను, బొగ్గును ఓడలో మోయడం కష్టం.

దీనికి పరిష్కారంగా వచ్చినదే ఓడ బిస్కెట్టు. గోధుమపిండి, నీరు కలిపి గట్టి ముద్ద చేసి, చదునుగా ఒత్తి, ఆవిరి పోవడానికి రంధ్రాలు పొడిచి, తేమ లేకుండా కాల్చి ఆరబెట్టేవారు. పొడిగా నిలవ చేస్తే అది నెలల తరబడి చెడేది కాదు. కాని పళ్లు విరిగేటంత గట్టిగా ఉండేది. నీటిలోనో పులుసులోనో నానబెట్టి, లేదా దంచి తినవలసి వచ్చేది. తేమ తగిలితే పురుగు పట్టేది. పురుగులు రాలిపోవడానికి నావికులు బిస్కెట్టును బల్లకేసి తట్టి తినేవారు. రేవులో దొరికే మెత్తని రొట్టెకు వారి మాటల్లో వేరే పేరు ఉండేది. రెండింటి మధ్య తేడా వారికి అంత ముఖ్యం.

1677లో ఇంగ్లండు నౌకాదళ కార్యదర్శిగా ఉన్న శామ్యూల్ పెపిస్ కాలంలో నావికుడి రోజువారీ ఆహారాన్ని ఒప్పందంలో స్పష్టంగా రాశారు. దాని ప్రకారం రోజుకు ఒక పౌను మంచి గోధుమ బిస్కెట్టు, ఒక గ్యాలన్ బీరు ఇవ్వాలి. మాంసం, చేపలు వారంలో కొన్ని రోజులకే, బిస్కెట్టు మాత్రం ప్రతిరోజూ. ఈ ‘రోజుకు ఒక పౌను’ అనే కొలతను గుర్తుంచుకోండి. తరువాతి శతాబ్దాల్లో ఇది మళ్లీ మనకు ఎదురవుతుంది.

3. తూకం మీద తిరుగుబాటు

కాగితం మీద ఒక పౌను అని రాసినంత మాత్రాన చేతికి ఒక పౌను అందదు. పౌనుకు 16 ఔన్సులు. కాని ఓడలో సరుకులు పంచే అధికారి 14 ఔన్సులనే పౌనుగా లెక్కించేవాడు. నిలవలో పాడయ్యే సరుకుకు, తరుగుకు అని ఆ మిగిలిన రెండు ఔన్సులను మినహాయించుకోవడం ఆచారంగా మారింది. అంటే నావికుడి వాటాలో ఎనిమిదో వంతు పోయినట్లే.

1797 ఏప్రిల్‌లో పోర్ట్స్‌మత్ దగ్గరి స్పిట్‌హెడ్ లంగరు స్థలంలో బ్రిటిష్ నౌకాదళ నావికులు ఓడలు కదపడానికి నిరాకరించారు. అప్పుడు బ్రిటన్ ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఉంది. నావికుల మొదటి కోరిక జీతం పెంచాలని. వెంటనే వచ్చిన మరో కోరిక ఆహారాన్ని పౌనుకు 16 ఔన్సుల చొప్పున తూచాలని, సరుకు నాణ్యత మెరుగుపరచాలని. ప్రభుత్వం చివరికి ముఖ్యమైన కోరికలను ఒప్పుకొని, పాల్గొన్నవారికి రాజు క్షమాభిక్ష ప్రకటించింది.

ఇక్కడ మీరు గమనించవలసింది ఏమిటంటే, నావికులు వేడి రొట్టెనో విందునో అడగలేదు. ఇస్తామని రాసినదాన్నే పూర్తి తూకంతో ఇమ్మన్నారు. హక్కుల చరిత్రలో చాలా పోరాటాలు ఇలాగే, ఉన్న మాటను అమలు చేయించడంతో మొదలయ్యాయి.

4. పిండి ఇచ్చి నిప్పు ఇవ్వని చట్టం

19వ శతాబ్దంలో ఐరోపా నుంచి లక్షలమంది అమెరికాకు, ఆస్ట్రేలియాకు వలస వెళ్లారు. వీరిలో అత్యధికులు పేదలు. ఓడ దిగువ అంతస్తులో, గాలి వెలుతురు సరిగా లేని చోట ప్రయాణించేవారు. వీరి రక్షణకు బ్రిటన్ 1803 నుంచి చట్టాలు చేస్తూ వచ్చింది. 1842 చట్టం ప్రకారం ఒక్కొక్క వయోజన ప్రయాణికుడికి వారానికి 7 పౌన్ల రొట్టె, బిస్కెట్టు, పిండి, ఓట్లు లేదా బియ్యం ఇవ్వాలి. లెక్క వేయండి. రోజుకు ఒక పౌను. పెపిస్ కాలంలో నావికుడికి రాసిన కొలతే 165 ఏళ్ల తరువాత వలస ప్రయాణికుడికీ వచ్చింది.

కాని ఈ చట్టంలో పెద్ద లోపం ఉంది. పిండి చేతికి వచ్చేది, దాన్ని వండుకునే బాధ్యత ప్రయాణికుడిదే. పైడెక్కు మీద ఉండే కొద్దిపాటి పొయ్యిల దగ్గర వందలమంది వంతు కోసం నిలబడాలి. బలమున్నవాడు ముందు వండుకునేవాడు. ముసలివారు, రోగులు, చంటిపిల్లల తల్లులు వెనకబడేవారు. తుఫాను వస్తే నిప్పు ఆర్పివేసేవారు. అప్పుడు చట్టప్రకారం తిండి అందినట్లే, వాస్తవంలో పస్తే. ఈ అనుభవం నుంచే 1850ల నాటి చట్టాలు ఆహారాన్ని వండి ఇవ్వాలని, పెద్ద ఓడల్లో ప్రయాణికుల కోసం ప్రత్యేకంగా వంటవాడు ఉండాలని నిర్దేశించాయి.

ఇదే కాలంలో హిందూ మహాసముద్రం మీద మన ప్రాంతాలవారి ప్రయాణాలూ సాగాయి. మద్రాసు నుంచి 342 మంది ఒప్పంద కూలీలతో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ మార్గంలో నేటాల్‌కు వెళ్లినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. కూలీల ఓడల్లో ప్రధాన ఆహారం రొట్టె కాదు, బియ్యం, పప్పు. అయినా సూత్రం ఒకటే. ఎవరికి ఎంత అన్నది తినేవారు కాక, వలస శాఖ నియమావళి నిర్ణయించేది. అట్లాంటిక్ ఓడలో బిస్కెట్టును, కూలీ ఓడలో బియ్యాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, తిండిని కొలతగా మార్చిన పాలనా పద్ధతి మీకు అర్థమవుతుంది.

5. ఆవిరి, ఇనుము, ఈస్ట్

1838లో గ్రేట్ వెస్టర్న్ అనే ఆవిరి ఓడ బ్రిస్టల్ నుంచి సుమారు 15 రోజుల్లో న్యూయార్క్ చేరింది. ప్రయాణకాలం తగ్గడంతో నెలలకు సరిపడా నిలవ ఆహారం మోయవలసిన అవసరం తగ్గింది. బొగ్గు ఎలాగూ ఓడలోనే ఉంటుంది. ఇనుప నిర్మాణంలో పొయ్యి వల్ల ప్రమాదం తక్కువ. సముద్రపు నీటిని ఆవిరి చేసి మంచినీరు తయారుచేసే పరికరాలు వచ్చాయి. ఇలా పాత అడ్డంకులు మూడూ సడలాయి.

నేల మీద జరిగిన మార్పులు కూడా తోడయ్యాయి. ముద్దగా నొక్కి తయారుచేసిన ఈస్ట్ అందుబాటులోకి రావడంతో పిండి పొంగడం నమ్మకంగా జరిగేది. 19వ శతాబ్దం చివరి భాగంలో ఉక్కు రోలర్ల మరలు వ్యాపించి తెల్లని పిండి చౌక అయింది. ఆవిరి పట్టి కాల్చే వియన్నా పద్ధతి 1867 పారిస్ ప్రదర్శన ద్వారా పేరు పొందింది. పైన పలుచని కరకర, లోపల దూదిలాంటి మెత్తదనం ఉన్న చిన్న రోల్ ధనికుల బల్లకు గుర్తుగా నిలిచింది.

అయితే సాంకేతికత ఒక్కటే ఉంటే తాజా రొట్టె మొదటి తరగతిలోనే ఆగిపోయేది. అది కిందికి దిగడానికి కారణం వ్యాపారం. కంపెనీల ఆదాయంలో వలస ప్రయాణికుల టిక్కెట్లది పెద్ద వాటా. వారికోసం బ్రిటిష్, జర్మన్ కంపెనీలు పోటీపడ్డాయి. అంతేకాక, 1891 నాటి అమెరికా వలస చట్టం ప్రకారం రేవులో తిరస్కరించిన ప్రయాణికుణ్ణి కంపెనీ తన ఖర్చుతో వెనక్కి తీసుకుపోవాలి. ప్రయాణికుడు ఆరోగ్యంగా దిగడం కంపెనీకే లాభం.

6. ఒక ఓడ, మూడు రొట్టెలు

1912 ఏప్రిల్‌లో మునిగిపోయిన టైటానిక్ ఓడ భోజన పట్టికలు కొన్ని మిగిలాయి. మొదటి తరగతి ఉదయపు పట్టికలో వియన్నా రోల్స్, ముడి గోధుమపిండితో చేసే గ్రాహం రోల్స్, ఎండుద్రాక్ష స్కోన్లు, మొక్కజొన్న రొట్టె కనిపిస్తాయి. మూడో తరగతి పట్టికలో తాజా రొట్టె, వెన్న, స్వీడన్ రొట్టె ఉన్నాయి. కాని అదే మూడో తరగతివారికి మధ్యాహ్నం, రాత్రి క్యాబిన్ బిస్కెట్లు కూడా వడ్డించేవారు.

ఈ రెండు పట్టికలను పోల్చండి. తాజా రొట్టె అందరికీ అందింది. ఇది నిజమైన ముందడుగు. ఒకప్పుడు తెల్లదనం, మెత్తదనం హోదాకు గుర్తు. ఇప్పుడు మొదటి తరగతివారు ముడిపిండి రోల్‌ను కూడా ఇష్టపడి ఎంచుకుంటున్నారు. కాబట్టి హోదా గుర్తు రొట్టె రకం నుంచి ఎంచుకునే అవకాశానికి మారింది.

మూడో రొట్టె ఎక్కడుంది? ప్రాణరక్షణ పడవల్లో. అక్కడ అత్యవసరానికి పెట్టినది పాతకాలపు గట్టి బిస్కెట్టే. ఓడ మునుగుతున్నప్పుడు రొట్టెల విభాగం పెద్ద చార్లెస్ జోకిన్ తన కింద పనిచేసే 13 మంది చేత ఒక్కొక్కరికి నాలుగు చొప్పున రొట్టెలు పడవల దగ్గరకు పంపినట్లు తరువాత విచారణలో చెప్పాడు. జోకిన్ ప్రాణాలతో బయటపడ్డాడు. పడవల్లో ఆహారం చాలదని ఆ రాత్రి ముందుగా ఆలోచించినవారిలో పిండి కలిపే కార్మికులు ఉన్నారన్నది మరువరాదు.

7. విహార నౌకలు, నేటి ప్రశ్న

చలికాలంలో అట్లాంటిక్ మీద ప్రయాణికులు తగ్గేవారు. ఖాళీగా ఉండే ఓడను ఉపయోగించడానికి జర్మన్ కంపెనీకి చెందిన ఆల్బర్ట్ బాలిన్ 1891లో ఆగస్టా విక్టోరియా ఓడను మధ్యధరా సముద్రంలో విహారయాత్రకు నడిపించాడు. 1924లో అమెరికా వలసలపై కఠిన పరిమితులు పెట్టడంతో కంపెనీలు పర్యాటకులవైపు మరింతగా చూశాయి. 1958లో అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాలు మొదలయ్యాక గమ్యం చేరడానికి ఓడ ఎక్కేవారు వేగంగా తగ్గారు. ప్రయాణమే గమ్యమైనప్పుడు భోజనమే సరుకు అవుతుంది. రొట్టెల బుట్ట అందులో భాగం.

నేటి నౌకలో రొట్టె విషయంలో తరగతుల తేడా చాలావరకు చెరిగింది. కాని మరో తేడా నిలిచింది. అది తినేవారికీ కాల్చేవారికీ మధ్య ఉన్నది. ఉదయానికి రొట్టె సిద్ధం కావాలంటే పనివారు రాత్రంతా మేల్కొనాలి. 2006లో ఆమోదించి 2013 ఆగస్టు 20 నుంచి అమలులోకి వచ్చిన సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం నౌకలో పనిచేసేవారికి తగినంత పోషకాహారం ఉచితంగా ఇవ్వాలి. వారి మత, సాంస్కృతిక ఆచారాలను పరిగణించాలి. విశ్రాంతి విషయంలో దేశాలు రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవచ్చు. ఒకదాని ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. భారతదేశం 2015లో ఈ ఒడంబడికను ధ్రువీకరించింది. 1797లో నావికులు ఔన్సుల లెక్క అడిగారు. నేడు అడగవలసిన లెక్క గంటలది. కాగితం మీది గంటలు పనివాడికి నిజంగా అందుతున్నాయా అన్నది నేటికీ వర్తించే ప్రశ్న.

8. సారాంశం

ఓడలో రొట్టె ఏ ఒక్కరి దయవల్లా మెరుగుపడలేదు. నావికుల ప్రతిఘటన తూకాన్ని సరిచేసింది. చట్టం కనీస పరిమాణాన్ని నిర్ణయించింది, తరువాత వంటను కూడా చేర్చింది. ఆవిరి యంత్రం తాజా రొట్టెను సాధ్యం చేసింది. పోటీ దాన్ని పేద ప్రయాణికుడి దాకా తెచ్చింది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఫలితం వేరుగా ఉండేది. ఇకపై ఏ భోజన పట్టికను చూసినా ఈ నాలుగు ప్రశ్నలు వేయండి: ఎవరు తిన్నారు? ఎవరు వండారు? ఎవరు కొలిచారు? ఆ కొలతను ప్రశ్నించే వీలు ఎవరికి ఉంది?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తెరచాప ఓడల్లో రోజూ తాజా రొట్టె కాల్చడానికి ఉన్న మూడు అడ్డంకులు ఏవి?
2. స్పిట్‌హెడ్ నావికులు 16 ఔన్సుల పౌను కోసం ఎందుకు పట్టుబట్టారు?
3. 1842 చట్టంలోని లోపాన్ని వివరించి, దాన్ని తరువాతి చట్టాలు ఎలా సవరించాయో రాయండి.
4. ‘హోదా గుర్తు రొట్టె రకం నుంచి ఎంచుకునే అవకాశానికి మారింది.’ టైటానిక్ భోజన పట్టికల ఆధారంగా చర్చించండి.

కృత్యం: మీ దగ్గరలోని వసతిగృహం లేదా పాఠశాల మధ్యాహ్న భోజన పట్టికను సేకరించండి. రాసిన పరిమాణానికీ వడ్డించినదానికీ తేడా ఉందేమో గమనించి, పై నాలుగు ప్రశ్నల ఆధారంగా ఒక పేజీ నివేదిక రాయండి.