బొంబాయి పూటకూళ్ల యిండ్లు

ఒక కాలమున ఎవరిని లోనికి రమ్మనిరో, ఎవరిని గుమ్మముకడనే నిలిపిరో తెలిసికొన్నచో ఆ కాలపు చరిత్రలో సగము తెలిసినట్లే. కావున బొంబాయి నగరమునందలి రెండు పూటకూళ్ల యిండ్ల వృత్తాంతమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

మొదటిది వాట్సన్ హోటలు. రోలండ్ మేసన్ ఆర్డిష్ అను ఇంజనీరు దీనికి రూపకర్త. ఇనుప స్తంభములను, దూలములను ఇంగ్లండున పోతపోయించి, ఓడలపై తెప్పించి, 1860ల చివర నిలువబెట్టిరి. 1896 జూలై 7వ తేదిని లూమియేర్ సోదరుల కదలుబొమ్మలను మన దేశమున మొట్టమొదట చూపినది ఇచ్చటనే. అయినను ఆ హోటలున బస యూరోపియనులకే.

రెండవది తాజమహలు హోటలు. జంషెడ్జీ టాటాగారు కట్టింపగా 1903 డిసెంబరు 16వ తేదిని తెఱవబడెను. దాని యెదుటనున్న గేట్‌వే ఆఫ్ ఇండియా పూర్తియైనది 1924లో. టాటాగారిని వాట్సన్ హోటలువారు త్రిప్పిపంపిరనియు, ఆ యవమానమే తాజమహలునకు మూలమనియు ఒక కథ కలదు. దానికి గట్టి సాక్ష్యము లేదు. అయినను జనులేల నమ్మిరి? అట్టి యవమానమునకు గుఱియైనవారు దేశమున లెక్కకు మిక్కిలియగుట చేతనే యని మా యభిప్రాయము.

తెల్లవారి గుమ్మమును నిందించునపుడు మన గుమ్మములను మఱువరాదు. పుణ్యార్థమై కట్టించిన మన సత్రములలో ననేకము బ్రాహ్మణులకే యన్నము పెట్టినవి. పంచములకు వాని యరుగుపై గూడ చోటు లేకపోయెను. అచ్చట వర్ణము, ఇచ్చట కులము, త్రోసివేయుటలో భేదమేమి? 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము పదునైదవ యధికరణమున హోటళ్లను పేర్కొని, మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము కారణముగా ఎవరికిని ప్రవేశము నిరాకరింపరాదని విధించినది. పూటకూళ్ల యింటి ప్రసక్తి దేశపు మూలశాసనమున కెక్కవలసివచ్చిన దనగా ఆ గాయ మెంత లోతైనదో యూహింపుడు.

వాట్సన్ హోటలు మూతబడి, ఎస్‌ప్లనేడ్ మాన్షను పేర అద్దెగదుల భవనమైనది. 2005లో దాని ముంగిలి వసారా కొంత కూలెను. తాజమహలు 2008 నవంబరున ఉగ్రవాదుల దాడికి గుఱియై, బాగుచేయబడి నేటికిని బాటసారులకు బస యిచ్చుచున్నది.

హోటలు తలుపులను శాసనము తెఱపించినది. ఇల్లు అద్దెకడుగవచ్చినవానిని మొదట కులమడుగు గృహస్థులు మాత్రము మనలో నింకను గలరు. ఆ ప్రశ్నను మానుట కే శాసనముకొఱకు వేచియుండవలెను? అది మన యింట నేడే కాదగిన పని.