పాత పేరు, కొత్త కౌలుదారు

కదిరి అన్న పేరు ఖదిర వృక్షం, అంటే చండ్రచెట్టు నుంచి వచ్చిందంటారు. ఇప్పుడా పేరు చెబితే రైతుకి గుర్తొచ్చేది వేరుశనగ. 1978లో వచ్చిన కదిరి-3 మొదలుకొని కదిరి-6, కదిరి లేపాక్షి దాకా అక్కడి పరిశోధనా కేంద్రం విత్తనాలు ఊరిపేరుతోనే ఊళ్లు తిరిగాయి. వానని నమ్మలేని చోట రైతులు ఆ పేరుని నమ్మారు. పేరుకి విలువ అలా, వాడినవాళ్ల వల్ల వస్తుంది.

వెబ్‌లోనూ అంతే. కాకపోతే అక్కడ పేరు కౌలుకే దొరుకుతుంది. 1995 సెప్టెంబరు దాకా డొమైన్ పేర్లకి డబ్బు కట్టక్కర్లేదు. అప్పట్నించి ఏడాదికి 50 డాలర్లు పెట్టారు. కౌలు ఆగితే డాట్‌కామ్ పేరుకి మామూలుగా కొన్ని వారాల వెసులుబాటు, జరిమానాతో విడిపించుకోడానికి 30 రోజులు, ఆపైన మరో 5 రోజులు. తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు. చాలా పేర్లు అంతకు ముందే వేలానికి వెళ్తాయి.

కొనేవాళ్లు చూసేది పేరు అందం ఒక్కటే కాదు. ఎంత పాతది, ఏ మంచి సైట్లు దానికి లింకులిచ్చాయి, వేబ్యాక్ మెషీన్‌లో దాని పాత పేజీలు ఎలా ఉన్నాయి అని వెతుకుతారు.

పదిహేనేళ్ల కిందటి తెలుగు బ్లాగుల్ని, వెబ్‌పత్రికల్ని తల్చుకోండి. ఒక మంచి వ్యాసానికి తోటి బ్లాగర్లు ఇచ్చిన లింకులే బేరగాడికి సరుకు. నడిపిన మనిషి అలిసిపోయి కౌలు మానేస్తే, మనం నమ్మి నొక్కిన లింకు పేకాట సైటుకి తీసుకెళ్లొచ్చు. 2024 మార్చిలో గూగుల్ ఈ పద్ధతిని స్పామ్ కింద చేర్చింది. దాంతో పోయిన వ్యాసం మాత్రం తిరిగి రాదు. పత్రిక ఆపేసేవాళ్లు పేజీల్ని ఆర్కైవ్‌లో దాచి, పేరుని నమ్మకమైన చేతిలో పెట్టి వెళ్లాలి.