పుట్టిన తేదీ తెలిసిన దీవి

మన దక్కను పీఠభూమిలోని నల్లరాతి పొరలు సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి లావా నుంచి ఏర్పడ్డాయి. ఆ వేడి రాతి నేల చల్లారాక దానిపై మొదటి మొక్క ఎలా మొలిచిందో చూసినవారు లేరు. కాని అలాంటి దృశ్యాన్ని మొదటినుంచీ గమనించే అవకాశం మన కాలంలోనే వచ్చిందంటే మీరు నమ్ముతారా?

1963 నవంబరు 14 ఉదయం ఐస్లాండ్ దక్షిణ తీరానికి 32 కి.మీ. దూరంలో సముద్రం నుంచి పొగ లేవడాన్ని ఒక చేపల పడవ సిబ్బంది చూశారు. ఏదో ఓడ తగలబడుతోందనుకుని దగ్గరకు వెళ్ళారు. అది 130 మీటర్ల లోతున బద్దలైన అగ్నిపర్వతం! మరునాటికే నేల నీటిపైకి వచ్చింది. నార్స్ పురాణాలలోని అగ్ని రాక్షసుని పేర దానిని సర్ట్సీ అన్నారు.

వట్టి బూడిద దిబ్బను అలలు త్వరలోనే కోసివేస్తాయి. పక్కనే లేచిన రెండు చిన్న దీవులు అలాగే మాయమయ్యాయి. సర్ట్సీలో మాత్రం 1964 ఏప్రిల్ నాటికి సముద్రపు నీరు బిలంలోకి చేరడం ఆగింది. దాంతో పేలుళ్ళు తగ్గి లావా ప్రవహించి బూడిదకు కవచమైంది. 1967 జూన్‌లో అగ్నిపర్వతం చల్లారేసరికి దీవి వైశాల్యం 2.7 చ.కి.మీ.

1965లోనే ప్రభుత్వం దీనిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అనుమతి పొందిన శాస్త్రజ్ఞులకు తప్ప ఇతరులకు ప్రవేశం లేదు. ఇంత పట్టుదల ఎందుకు? ఒకసారి లావా రాళ్ళ మధ్య టమాటా మొక్క కనిపించింది. ఎవరో అక్కడ మలవిసర్జన చేయడమే దానికి కారణమని తేలింది! వెంటనే పీకివేశారు. ఇలాంటివి నాలుగు మొలిస్తే, ఏ మొక్క తనంతట తాను వచ్చిందో, ఏది మనిషి వెంట వచ్చిందో చెప్పడం ఎవరి తరం?

తొలి మొక్క 1965లో తీరపు ఇసుకలో కనిపించింది. తర్వాత ఇరవై ఏళ్ళు కొత్త మొక్కల రాక నెమ్మదిగానే సాగింది. లోపం విత్తనాలది మాత్రమే కాదు, పోషకాలది కూడా. 1980ల మధ్యలో సీగల్ పక్షులు గుంపుగా గూళ్ళు కట్టడంతో పరిస్థితి మారింది. వాటి రెట్ట ఎరువైంది, వాటి వెంట విత్తనాలూ వచ్చాయి. బోడి లావాపై పచ్చిక పరచుకుంది. 1998లో విల్లో పొద కూడా మొలిచింది.

2008లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే సముద్రం ఇప్పటికే దీవిలో దాదాపు సగాన్ని కోసుకుపోయింది. గట్టిపడి రాయిగా మారిన బూడిద భాగం మాత్రం చాలాకాలం నిలుస్తుందని అంచనా. అందాకా అక్కడ ప్రకృతి తన చరిత్రను తానే రాసుకుంటుంది, మనం అడ్డుపడకపోతే.